రెండు మోటార్ల మధ్య చువ్వ

మా ఇంట్లో బీరువా మీద ఒక పడవ ఉంది. చెయ్యంత పొడవు, ప్లైవుడ్ ఒళ్ళు, వెనక చెక్కకి పక్కపక్కన వేలాడుతూ రెండు బుల్లి మోటార్లు. ఆ రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక సైకిల్ చువ్వ. వచ్చినవాళ్ళు తలెత్తి చూసి "పిల్లలదా?" అంటారు. "కాదు, మా నాన్నది" అంటాను. "పెద్దాయనకి భలే సరదా అన్నమాట" అని నవ్వుతారు. సరదా! వాళ్ళకి కాఫీ ఇస్తాను గానీ రెండోసారి అడిగితే మాత్రం ఇవ్వను.

మా నాన్న కోరాపుట్ దగ్గర కొండల మీద కట్టిన ఫ్యాక్టరీలో చార్జ్‌మాన్. శ్రీకాకుళం వైపు నుంచి ఫిట్టరుగా వచ్చి, ఆ ఫిట్టర్లకే పెద్దయి, ఆ చలిలో, కిటికీ తీస్తే ఇంట్లోకి వచ్చేసే ఆ మంచులో, కంపెనీ క్వార్టర్సులో మమ్మల్ని పెంచారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో మిగిలింది నాన్న, అన్నయ్య, నేను. నాన్న ఏదైనా చెప్తే అన్నయ్య చేసేవాడు. నేను ఎందుకని అడిగేదాన్ని. చెయ్యమన్నది మంచి పనే అయినా అడిగేదాన్ని. "దీనికి నోరిచ్చేడు, ఆడికి సెవులిచ్చేడు దేవుడు. చెరి సగం పంచుంటే ఇద్దరూ మనుసులయ్యేవోరు" అనేవారు నాన్న. అన్నయ్య నవ్వేవాడు. తన మీద వేసిన జోకుకి కూడా నవ్వే రకం.

అన్నయ్యకి డ్యాం పనుల ఆఫీసులో లాంచి డ్రైవరు ఉద్యోగం వచ్చింది. కొండల మధ్య ఏటిని కట్టేశాక నీళ్ళు అడవి మీదికి ఎక్కాయి. చెట్లు పూర్తిగా కొట్టకుండానే నీళ్ళు నిలిపారు. అందుకని ఎండాకాలంలో మట్టం దిగినప్పుడు నీళ్ళ కింద మోళ్ళు పైకి పొడుచుకొచ్చేవి. వాటి మధ్యనుంచి సర్వే మనుషుల్ని అవతలి గట్టుకి చేర్చి తీసుకురావడం అన్నయ్య పని. లాంచికి వెనక రెండు మోటార్లు, ముందు స్టీరింగు చక్రం. చక్రం తిప్పితే తీగ లాగేది ఒక మోటారునే. రెండోదాన్ని దాని వెంట తిప్పేది రెంటికీ మధ్య ఉన్న ఇనప కడ్డీ. ఆ కడ్డీ ఊడిందంటే ఒక మోటారు తిరుగుతుంది, ఇంకోటి మాట వినకుండా తిన్నగా తోస్తూనే ఉంటుంది. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నది. నేర్చుకోవలసిన అవసరం ఎలా వచ్చిందంటే చెప్తాను.

ఒక ఆదివారం నాన్న అన్నయ్యని చూడ్డానికి డ్యాం దగ్గరికి వెళ్ళారు. లాంచి తిరిగొచ్చే వేళకి రేవులో నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. ఎండ సరిగ్గా అన్నయ్య కళ్ళలోకి కొడుతోంది. రేవుకి కొంచెం ముందు నీళ్ళకి సమానంగా ఒక మోడు ఉంది. నాన్నకి అది కనిపించింది, అన్నయ్యకి కనపడలేదు. "మోడుందని అరిసేను. గుద్దేసేడు" అని నాన్న ఇంటికొచ్చి చెప్పింది అంతే. లాంచి మోడు మీదికెక్కి బోల్తాపడింది. ఉన్న ఇద్దరు సర్వే మనుషులూ ఈదుకొచ్చారు. అన్నయ్య లాంచి కింద, ఆ మోడు కొమ్మల్లో ఉండిపోయాడు.

ఆఫీసువాళ్ళు విచారణ చేశారు. ఈదుకొచ్చినవాళ్ళకి తెలుగు రాదు. "గట్టు మీంచి ఎవరో అరిచారు, డ్రైవరు సరాసరి మోడు మీదికే తిప్పాడు" అన్నారు. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసేసుకున్నారు. డ్రైవరు తప్పయితే భార్యకి ఉద్యోగం రాదు, యంత్రం తప్పయితే వస్తుంది. మా వదిన రాయగడ రైల్వే క్వార్టర్స్ పిల్ల. ఒడియా మాతృభాషంత బాగా మాట్లాడేది, టైపు నేర్చుకుంది. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే ఇలా అయింది. పుట్టింట్లో ఇంకా పెళ్ళి కావలసిన చెల్లెళ్ళున్నారు, అక్కడికి వెనక్కి వెళ్ళే ముఖం లేదు. నాన్న రిటైరయితే ఈ క్వార్టరూ ఉండదు. నా సంగతంటారా, బియ్యెస్సీ ఫిజిక్సు చదివి ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్ళినా పోట్లాడి తిరిగొచ్చేదాన్ని. అంచేత ఆ ఉద్యోగం ఒక్కటే మా అందరికీ దిక్కు.

నీళ్ళలోంచి లాంచిని పైకి లాగినప్పుడు ఆ కడ్డీ ఒక కొస ఊడి వేలాడుతోంది. గుద్దుకున్నప్పుడు ఊడిందని ఆఫీసువాళ్ళన్నారు. ముందే ఊడింది, అందుకే గుద్దుకుందని నాన్న అన్నారు. కడ్డీ కీలు వదులుగా ఆడుతోందని అన్నయ్య ఇంట్లో చెప్పిన మాట నేనూ విన్నాను. రాయగడలో ఉన్న పై ఆఫీసరు మళ్ళీ వింటానన్నాడు. అప్పుడే నాన్న "సెప్తే నమ్మరు. సూపిత్తాను" అని పడవ మొదలెట్టారు.

రష్యా ట్రైనింగుకి వెళ్ళొచ్చిన ఇంజనీరొకాయన బొమ్మ పడవలు నడిపే రేడియో పెట్టె తెచ్చుకుని, విసుగు పుట్టి మూల పడేశాడు. నాన్న దాన్ని అడిగి తెచ్చారు. చేతిలో పట్టుకునే పెట్టె ఒకటి, దానికి రెండు చిన్న కర్రలు. పడవలో పెట్టే పెట్టె ఒకటి. కర్ర కదిపితే, అగ్గిపెట్టెంత మరొక మోటారు అటూ ఇటూ చెయ్యి ఊపుతుంది. దాన్ని సర్వో అంటారు. ఆ చెయ్యి పట్టుకుని తిప్పేదే స్టీరింగు.

పడవ కన్నా స్టీరింగుకే ఎక్కువ కాలం పట్టింది. టేపు రికార్డరు మోటార్లు రెండు తీసి, నిలువు గొట్టాల్లో బిగించి, కింద పళ్ళ చక్రాలు, రెక్కలు పెట్టారు. రెండూ వెనక చెక్క మీద మేకుల చుట్టూ తలుపు బందుల్లా తిరగాలి. సర్వో చేతినుంచి ఒక తీగ వెనక చెక్కలో కన్నం గుండా బయటికొచ్చి మొదటి మోటారుని పట్టుకుంటుంది. ఆ కన్నంలోంచి నీళ్ళు లోపలికి రాకుండా సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగారు. మోటార్ల మధ్య కడ్డీకి బదులు సైకిల్ చువ్వ, దాని కొసనుండే గింజతో సహా. గింజ తిప్పితే చువ్వ పొడవు సర్దుకోవచ్చు. మొదటిసారి చువ్వ పొట్టిదై రెండు మోటార్లూ మెల్లకన్ను పెట్టి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నేను నవ్వితే నాన్న ఆకురాయి బల్ల మీద కొట్టారు.

"నవ్వడానికేటుంది? మేకుకీ మేకుకీ ఎంత దూరఁవో సువ్వ కన్నానికీ కన్నానికీ అంత దూరఁవుండాల. అప్పుడే రెండూ ఒక్క మనిసిలా తిరుగుతాయి."

"నేను కొలిచి చెప్పిందీ అదే కదా నాన్నా. నువ్వు వినలేదు."

"నువ్వు సెప్పేవా, దెబ్బలాడేవా?"

ఇంకోరోజు కర్ర ఎడమకి నొక్కితే పడవ కుడికి పోయేలా మోటార్లు తిరిగాయి. నేనన్నాను, "ఏం పోయింది, మనకి తెలుసు కదా తిరగేసి పోతుందని. కర్రనే తిరగేసి నొక్కుదాం." నాన్న అసలు ఒప్పుకోలేదు. సర్వో చేతికి ఆ పక్క కన్నంలో ఉన్న తీగ కొక్కేన్ని తీసి ఈ పక్క కన్నంలోకి మార్చారు. "ఎడమంటే ఎడంపక్కకే పోవాల. ఇందులో వాదం లేదు" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది.

పని జరిగినన్నాళ్ళూ వదిన ఆ బల్ల దగ్గరికి వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం నాన్న డ్యూటీలో ఉన్నారు, నేను పడవలో బ్యాటరీలు పెట్టి ఊరికే వదిలేశాను. చేతి పెట్టె ఆపేసే ఉంది. వదిన కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి మోటార్లు రెండూ కలిసి ఒక పక్కకి తల తిప్పాయి. కాసేపు అలాగే ఉండి మళ్ళీ తిన్నగా అయ్యాయి.

వదిన చేట పక్కన పెట్టింది. "నువ్వు ముట్టుకున్నావా అమ్మీ?"

"లేదు వదినా. గాల్లో తిరిగే రేడియో గోల అది. ఎక్కడో వెల్డింగు చేస్తుంటారు, దానికి పలుకుతుంది."

"ఫ్యాక్టరీ ఈ పూటే ఉందా, రోజూ లేదూ? ఇన్నాళ్ళూ పలకలేదే?"

నేను నా ఫిజిక్సులో వెతుక్కునేలోగా మోటార్లు మళ్ళీ తిరిగాయి. ఒకే పక్కకి. వదిన లేచి వచ్చి, చువ్వ మీద వేలు పెట్టి, తిరుగుతున్నదాన్ని ఆపకుండా అలాగే ఉంచింది. నాడి చూసినట్టు. "ఎటు తిప్పమంటారు?" అంది. నన్ను కాదు. నేను బ్యాటరీలు పీకేసి రోజంతా మళ్ళీ పెట్టలేదు. నాన్న వచ్చాక చెప్తే "ఏరియల్ తీగ మోటారుకి దగ్గరగా పోయింది, మారుత్తాను" అన్నారు. మార్చారు కూడా. ఆ తర్వాతా అప్పుడప్పుడు తిరిగేది. మేం ఒకరికొకరం చెప్పుకోవడం మానేశాం.

కాలనీ దిగువన వానాకాలం నీళ్ళు నిలిచే గుంట ఒకటుంది. రాయగడ వెళ్ళబోయే ముందు ఆదివారం సాయంత్రం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. గుంట మధ్య నాన్న ఒక వెదురు పుల్ల పాతారు, అది మోడు. చేతి పెట్టె నాకిచ్చి తను అవతలి గట్టుకి వెళ్ళారు. "ఆ రోజు నానున్నది ఇక్కడే అనుకో. నా ఏపు రానీ. ఎలా వస్తాదో సూడాల" అన్నారు. వదిన చెప్పులు విప్పి, నీళ్ళ అంచున నాకు కొంచెం పక్కగా నిలబడింది.

మొదట చువ్వ ఒక కొస ఊడదీసి పడవ వదిలాం. నాకు దూరంగా, నాన్న వైపు వెళ్తోంది. పుల్ల దగ్గరికొచ్చాక కర్ర నొక్కాను. ఒక మోటారు తిరిగింది, ఇంకోటి తిన్నగా తోసింది. పడవ బద్ధకంగా, పెద్ద వంపు తీసుకుంటూ జరిగి జరిగి పుల్లకి పక్కగా రాసుకుంది. "అదీ! సూసేరా! తిరగలేదు. ఆడు తిప్పినా తిరగలేదు" అని నాన్న అవతలి గట్టు మీద చేతులెత్తారు. ఆయన ముఖంలో ఆ వెలుగు అన్నయ్య పోయాక నేను చూడ్డం అదే. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడితో ఆపి ఇంటికి వెళ్ళవచ్చు. కానీ నేను ఉన్నానుగా. "చువ్వ ఉంటే తిరుగుతుందని కూడా చూపించాలి కదా నాన్నా. లేకపోతే పడవే అంత అంటారు ఆఫీసరు" అన్నాను. అది సరైన మాటే, ఇప్పుడైనా అదే అంటాను. చువ్వ తగిలించి మళ్ళీ వదిలాం. ఈలోగా పొద్దు అవతలి గట్టు మీదికి దిగింది. నీళ్ళన్నీ తళతళమని మెరుస్తున్నాయి, పుల్ల ఎక్కడుందో నాకు ఆనలేదు. పడవ నల్లటి చుక్కలా పోతోంది.

"ఎడమకి!" అని అరిచారు నాన్న. "ఎడమకి తిప్పు! ఎడమకి!"

ఎడమకి నొక్కాను. రెండు మోటార్లూ ఒక్క మనిషిలా తిరిగాయి. పడవ చటుక్కున, గీత గీసినట్టు తిరిగి, సరాసరి పుల్లని కొట్టి బోర్లాపడింది.

నాకు ఒళ్ళు మండింది. "ఎడమకనే కదా అన్నావు! ఎడమకే తిప్పాను! ఎవరి ఎడమ? నువ్వు నాకు ఎదురుగా నిలబడి నీ ఎడమ చెప్తే నాకు కుడి కాదూ? ఆమాత్రం తెలీదా?"

అవతలి గట్టు మీద నాన్న నిలబడ్డవారు మెల్లగా కూర్చున్నారు. ఎండ ఆయన వెనకనుంచి వస్తోంది, ముఖం కనపడలేదు. చెయ్యి ఒకటి ఇంకా గాల్లోనే ఉంది.

వదిన చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా, తర్వాత నడుం దాకా. పడవ తీసుకుని, ఇవతలికి రాకుండా నాన్న వైపే నడిచింది. నేను గట్టు చుట్టి పరిగెత్తాను. నేను చేరేసరికి వదిన పడవలో నీళ్ళు వంపుతోంది.

"ఆ రోజు కూడా ఇలాగే సెప్పేరా మాఁవయ్యా?" అంది.

నాన్న తల ఊపారు. "వెంటనే తిప్పేడమ్మా" అన్నారు. "నా నోట్లోంచి మాటొచ్చిందో లేదో తిప్పేడు."

ఇద్దరి వైపూ చూస్తూ నిలబడ్డాను. నేను చదివిన చదువు అప్పుడు చక్కగా పనిచేసింది, అక్కర్లేకుండా. కడ్డీ ఊడిన పడవ ఎలా తిరుగుతుందో ఇప్పుడే చూశాం, బద్ధకంగా, పెద్ద వంపుతో. కడ్డీ ఉన్న పడవ వెంటనే తిరుగుతుంది. అన్నయ్య లాంచి వెంటనే తిరిగింది. ఊడిందని చూపించబోయి, ఊడలేదని నిరూపించే పడవని నాన్న ఇన్ని నెలలు కష్టపడి చేశారు. అది ఆయనకి మొదటినుంచీ తెలుసా, తనకే తెలియనివ్వకుండా దాచుకోవడానికే ఆ చువ్వ పట్టుకున్నారా, నేను ఎప్పుడూ అడగలేదు. నేను అడగని ప్రశ్న నా జీవితంలో అదొక్కటే అనుకుంటాను.

వదిన అంది, "ఆయనకి ఇనడఁవే అలవాటు. ఎవరి ఎడమని అడిగే మనిసైతే ఈపాటికి ఇంట్లో ఉండును." నా వైపు చూసి అంది ఆ మాట. తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తేలలేదు నాకు. ఆ రాత్రినుంచీ ఒకటే అనుకునేదాన్ని. ఆ లాంచిలో నేనుంటే "ఎవరి ఎడమ?" అని అరిచి, పోట్లాడి, మోడు దాటిపోయేదాన్ని.

తర్వాత వదిన తడి కొంగు పిండుకుని, "కడ్డీ ఊడిపోయింది మాఁవయ్యా. అంతే. రేపు నా బట్టలు కూడా మీ సంచీలోనే పెట్టెయ్యండి" అని ఇంటి దారి పట్టింది.

రాయగడ ఆఫీసులో ఆఫీసరు మర్యాదస్తుడే. పడవని ఆయన బల్ల మీద పెట్టాం. నాన్న ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని నిలబడే ఉన్నారు. ఆఫీసరు హిందీలో అడిగాడు, "గట్టు మీద మీరే ఉన్నారట. ఏమని అరిచారు?"

నాన్న నోరు తెరిచారు. ఆయన నిజం చెప్పబోతున్నారని నాకు తెలుసు. అంతలో వదిన ఒడియాలో అందుకుంది. "మోడు ఉందని అరిచారండీ. మీరిది చూడండి." చువ్వ కొస టక్కున ఊడదీసి నాకు కళ్ళతో సైగ చేసింది. నేను కర్ర నొక్కాను. ఒక మోటారు తిరిగింది, రెండోది ఊరికే వేలాడింది. ఆఫీసరు తనే చువ్వ తగిలించి, ఊడదీసి, మళ్ళీ తగిలించి చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు కూడా. నీళ్ళలో నడిపి చూపమని ఎవరూ అడగలేదు.

నేను, ప్రతిదానికీ నోరు చేసుకునేదాన్ని, ఆ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. అది తప్పని ఇక్కడ రాయబోవడం లేదు. కీలు వదులైన సంగతి నిజం. చెట్లు కొట్టకుండా నీళ్ళు నిలిపిన సంగతి అంతకంటే నిజం. ఆ నిజాలు ఎవరూ బల్ల మీద పెట్టలేదు, మా పడవ ఒక్కటే పెట్టాం. వదినకి రాయగడ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో కోరాపుట్ బస్సు ఘాటు మలుపులో ఆగిపోయింది. ఎదురుగా వెదురు లోడుతో లారీ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. క్లీనరు దిగి ముందుకెళ్ళి, బస్సుకి ఎదురుగా నిలబడి, తువ్వాలు ఊపుతూ "పాహాడొ ఆడకు! పాహాడొ ఆడకు!" అని అరిచాడు. కొండ వైపుకి, కొండ వైపుకి అని. డ్రైవరు కొండని రాసుకుంటూ పోనిచ్చాడు. లారీ దాటింది.

నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఆ క్లీనరునే చూశారు. వాడు ఎగిరి మెట్టెక్కేదాకా చూశారు. "కొండేపుకి" అన్నారు తనలో తను. "కొండ ఎవుడికైనా ఒకేపే ఉంటాది గదమ్మీ." ఒళ్ళో పడవ పెట్టుకుని వదిన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది, వేళ్ళు మాత్రం చువ్వ మీద ఉన్నాయి.

ఆ రోజునుంచి నాన్న నోట కుడి, ఎడమ అనే మాటలు నేను వినలేదు. దారి అడిగినవాళ్ళకి "గుడేపు", "టాంకీ ఏపు" అనేవారు. ఫ్యాక్టరీలో కుర్రవాళ్ళకి "గోడేపు తిప్పు, గుమ్మఁవేపు తిప్పు" అంటే వాళ్ళు వెనక నవ్వుకునేవారట. చెప్పు తొడుక్కోవడంలో కూడా, "ఈ కాలుది ఏదీ" అని కాలు చాపి చూపించేవారు.

చివరికి ఆస్పత్రిలో చేరినప్పుడు రాయగడనుంచి వదిన వచ్చింది. డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రాడు. "నొప్పి ఏ వైపు తాతగారూ? కుడా, ఎడమా?"

"కిటికీ ఏపు" అన్నారు నాన్న.

డాక్టరు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా వదిన మంచం పక్కకి వచ్చి ఆయన డొక్క మీద చెయ్యి వేసింది. "ఇక్కడా మాఁవయ్యా?"

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. వదిన చెయ్యి తియ్యకుండానే, డాక్టరు వైపు వంగి, ఆయనకి వినపడనంత మెల్లగా చెప్పింది.

"ఎడమ అండి."